డాక్టర్ సలహా: క్లస్టర్ తలనొప్పికి ఆక్సిజన్, వెరాపమిల్ రెండూ పనిచేయలేదు.. ఇక దారి లేదా?

సమస్య: నా వయసు 41. ఆరేళ్లుగా ఏడాదికోసారి, దాదాపు రెండు నెలల పాటు కుడి కన్ను వెనక భరించలేని నొప్పి వస్తోంది. రాత్రి నిద్రపట్టిన గంటన్నరకు లేపేస్తుంది. కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, అటువైపు ముక్కు బిగుసుకుపోతుంది. పడుకోలేను, కూర్చోలేను, గదిలో తిరుగుతూనే ఉంటాను. గంటకు దానంతటదే తగ్గుతుంది. మొదట సైనస్ అన్నారు, ఒక పన్ను కూడా తీయించుకున్నాను. చివరికి క్లస్టర్ తలనొప్పి అని తేల్చారు. ఎమ్మారై నార్మల్. నొప్పి రాకుండా చూసే మందు వెరాపమిల్ రోజుకు 240 మి.గ్రా. మూడు వారాలు వాడి, గుణం కనిపించక మానేశాను. ఆసుపత్రిలో ముక్కు గొట్టాలతో 4 లీటర్ల ఆక్సిజన్ పెట్టినా తగ్గలేదు. ఇప్పుడు నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాను. జీవితాంతం ఇంతేనా? మందులు ఎన్నాళ్లు వాడాలి?
- ఓ పాఠకుడు

సలహా: మీరు రాసిన లక్షణాలన్నీ క్లస్టర్ తలనొప్పికి సరిపోతున్నాయి. మైగ్రేన్ ఉన్నవారు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు, క్లస్టర్ ఉన్నవారు నిలకడగా ఉండలేరు. ఈ ఒక్క తేడా అడిగి తెలుసుకోకపోవడం వల్లే చాలామందికి ఏళ్ల తరబడి సైనస్ మందులు వాడిస్తుంటారు. పన్ను తీయించుకున్నవారిలో మీరు మొదటివారేమీ కాదు. ఇక అసలు విషయం. ఆక్సిజన్, వెరాపమిల్ మీకు పనిచేయలేదని అప్పుడే తేల్చేయకండి. రెండూ సరిపడా మోతాదులో మీకు అందనే లేదు.

ముందు నొప్పి మాత్రల సంగతి. క్లస్టర్ నొప్పి 15 నిమిషాల నుంచి 3 గంటల దాకా ఉంటుంది, తారస్థాయికి చేరడానికి కొన్ని నిమిషాలు చాలు. మాత్ర కడుపులో కరిగి రక్తంలోకి చేరేసరికే అరగంట, ముప్పావుగంట గడిచిపోతుంది. మీ నొప్పి ఎలాగూ గంటకు తగ్గేదే కాబట్టి ఆ పేరు మాత్రకు పోతోంది. రోజూ వేసుకుంటే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. మాత్రల వాడకంతోనే వచ్చే మరో రకం తలనొప్పి కూడా తోడవుతుంది. ట్రమడాల్ లాంటి మత్తు మందుల జోలికి అసలు వెళ్లకండి.

ఆక్సిజన్ నిమిషానికి కనీసం 12 లీటర్లు, అవసరమైతే 15 లీటర్ల చొప్పున, సంచి ఉండే నాన్ రీబ్రీదర్ మాస్కుతో (వదిలిన గాలిని మళ్లీ పీల్చనివ్వని మాస్కు) పీల్చాలి. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు ఇస్తే 78 శాతం అటాక్‌లలో నొప్పి పోవడమో, చాలావరకు తగ్గడమో జరిగింది. మామూలు గాలి ఇచ్చినప్పుడు అది 20 శాతమే. ముక్కు గొట్టాలతో 4 లీటర్లు ఇస్తే పీల్చే ప్రతిసారీ చుట్టూ ఉన్న గాలి కలిసి ఆక్సిజన్ పలచబడుతుంది. మీకు జరిగింది అదే.

పద్ధతి ఇలా ఉండాలి. రెగ్యులేటర్ బిగించిన సిలిండర్ మంచం పక్కనే ఉంచుకోండి. నొప్పి మొదలైన క్షణమే లేచి కూర్చుని, కాస్త ముందుకు వంగండి. ఆక్సిజన్ వదిలాక మాస్కు సంచి పూర్తిగా ఉబ్బిన తర్వాతే ముఖానికి పెట్టుకుని, పక్కల నుంచి గాలి చొరబడకుండా అదిమిపట్టండి. ఊపిరి తీసినప్పుడల్లా సంచి పూర్తిగా అతుక్కుపోతుంటే ఫ్లో చాలడం లేదని అర్థం, 15కు పెంచండి. నొప్పి పోయిన వెంటనే మాస్కు తీసేస్తే కొందరికి తిరగబెడుతుంది, ఇంకో అయిదు నిమిషాలు పీల్చండి. 20 నిమిషాలకూ తగ్గకపోతే ఇంజెక్షన్‌కు మారాలి.

సిలిండర్ లెక్క కూడా ముందే వేసుకోండి. 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలంటే 180 లీటర్లు. 1500 లీటర్ల సిలిండర్ ఎనిమిది అటాక్‌లకు వస్తుంది. చిన్న సిలిండర్ కొని, మూడో రాత్రికే ఖాళీ అయ్యాక ఆక్సిజన్ పనిచేయదనుకునేవారూ ఉన్నారు. ఇళ్లలో వాడే కాన్సన్‌ట్రేటర్లు ఎక్కువగా నిమిషానికి 5 లీటర్లే ఇస్తాయి, ఈ జబ్బుకు అవి చాలవు. ఆ గదిలో సిగరెట్, దీపం, అగరుబత్తి వద్దు. రెగ్యులేటర్‌కు నూనె, క్రీము అంటకూడదు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారు ఛాతీ డాక్టర్‌ను అడగకుండా ఇంత ఆక్సిజన్ వాడొద్దు.

ఇంజెక్షన్ అంటే సుమాట్రిప్టాన్ 6 మి.గ్రా. దీన్ని చర్మం కింద మీరే వేసుకోవచ్చు. 24 గంటల్లో రెండుకు మించకూడదు, రెంటికీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. ఇదే మందు మాత్రగా వేసుకుంటే పైన చెప్పిన ఆలస్యం సమస్యే. గుండెజబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉంటే వాడకూడదు. మీకు 41 ఏళ్లు, పొగతాగే అలవాటు ఉందో లేదో రాయలేదు. ఉంటే గుండె పరీక్ష అయ్యాకే మొదలుపెట్టండి.

నొప్పి రాకుండా చూసే మందుల్లో ముందు వరస వెరాపమిల్‌దే. రోజుకు 240 మి.గ్రా. అనేది మొదటి మెట్టు మాత్రమే. రెండు వారాలకోసారి 80 మి.గ్రా. చొప్పున పెంచుతూ వెళ్తే చాలామందికి 360 - 480 దగ్గర గుణం కనిపిస్తుంది. కొందరికి 960 దాకా అవసరమవుతుంది. అయితే ఇది గుండె పైగదుల నుంచి కిందిగదులకు వెళ్లే విద్యుత్ సంకేతాన్ని నెమ్మదింపజేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, పెంచిన ప్రతిసారీ దాదాపు పది రోజులకు మరొకటి తీయించి, అది బాగుంటేనే తర్వాతి మెట్టు ఎక్కాలి. మోతాదు మారకపోయినా కొంతకాలానికి హార్ట్ బ్లాక్ (ఆ విద్యుత్ సంకేతానికి అడ్డంకి) రావచ్చు కాబట్టి, దీర్ఘకాలం వాడేవారు ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. మలబద్ధకం, కాళ్ల వాపు, చిగుళ్లు ఉబ్బడం మామూలే. ఒక హెచ్చరిక: మైగ్రేన్ అనుకుని ఇచ్చిన ప్రొప్రనలాల్ ఇంకా వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. రెండూ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

వెరాపమిల్ పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోపు ఊరటకు స్టెరాయిడ్ కోర్సు ఇస్తారు. ప్రెడ్నిసోన్ 100 మి.గ్రా. అయిదు రోజులు, తర్వాత మూడు రోజులకోసారి 20 తగ్గిస్తూ 17 రోజుల్లో ఆపేయడం ఒక పద్ధతి. లేదంటే తల వెనక నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. స్టెరాయిడ్‌తో నొప్పి చటుక్కున మాయమవుతుంది, దాంతో సొంతంగా మళ్లీ మళ్లీ కొని వాడేస్తుంటారు. షుగర్, ఎముకలు గుల్లబారడం, తుంటికీలు దెబ్బతినడం అలా వచ్చేవే.

ఎన్నాళ్లు వాడాలన్నారు. మీది ఎపిసోడిక్ రకం, అంటే కొన్నాళ్లు వచ్చి మధ్యలో విరామం ఇచ్చేది, ఏడాది పొడవునా మందు అవసరం లేదు. నొప్పులు పూర్తిగా ఆగిన రెండు వారాల తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ రండి, ఒక్కసారిగా మానొద్దు. ఆరేళ్లుగా నొప్పుల సీజన్ ఎప్పుడు మొదలైందో తేదీలు రాసుకుంటే వచ్చే ఏడాది తొలి చిహ్నాలకే వెరాపమిల్ అందుకోవచ్చు. విరామం మూడు నెలల కన్నా తగ్గి, అలా ఏడాది గడిస్తే క్రానిక్ అంటాం. అప్పుడు లిథియం లాంటివి ఆలోచిస్తారు. దానికి రక్తంలో మందు స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు తప్పవు. లిథియం మీద ఉండగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకూడదు. ఎపిసోడిక్ రకానికి నెలకు 300 మి.గ్రా. గాల్కనెజుమాబ్ ఇంజెక్షన్‌ను 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఈ జబ్బును శాశ్వతంగా తీసేసే మందు లేదు. కానీ వయసు పెరిగేకొద్దీ విరామాలు పెరిగేవారు చాలామందే ఉన్నారు.

సీజన్ నడిచినన్నాళ్లు మద్యం చుక్క కూడా వద్దు, తాగిన గంటలోపే అటాక్ తెస్తుంది. విరామంలో అంత పని చేయదు. సిల్డెనాఫిల్, గుండెకు వాడే నైట్రేట్లు కూడా నొప్పిని రేపుతాయి, కానీ నైట్రేట్లను సొంతంగా మానకండి. పగటి కునుకు తగ్గించండి. గురక బాగా ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించుకోండి.

నొప్పి విరామం లేకుండా రోజంతా ఉన్నా, జ్వరం, చూపు తగ్గడం, ఒకవైపు బలహీనత తోడైనా అది వేరే సమస్య, వెంటనే చూపించుకోండి. ఈ నొప్పి ధాటికి చచ్చిపోదామన్న ఆలోచన రావడం ఈ జబ్బులో కొత్త కాదు, దాచుకోవాల్సిందీ కాదు. వస్తే ఇంట్లోవారికి చెప్పి ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ మళ్లీ 4 లీటర్లు పెట్టకుండా, 'నాన్ రీబ్రీదర్ మాస్కు, 12 - 15 లీటర్లు' అని మీ న్యూరాలజిస్టుతో రాయించిన కాగితం ఇప్పటి నుంచే జేబులో ఉంచుకోండి.