ఈఎస్పీ32 రీడింగులు ఐపీఎఫ్ఎస్‌లో పెట్టి బ్లాక్‌చెయిన్‌తో ముద్ర వేయాలంటే

మీ ప్రశ్న ఇది: పది ఈఎస్పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్లు), ఒక్కోదానికి నిమిషానికో ఉష్ణోగ్రత-తేమ రీడింగ్. ఏ కంపెనీ క్లౌడూ వద్దు, డేటా ఐపీఎఫ్ఎస్‌లో (ఫైళ్ళని చాలా కంప్యూటర్లు పంచుకునే నెట్‌వర్క్) ఉండాలి, ప్రతి రీడింగూ బ్లాక్‌చెయిన్‌కెక్కాలి, ఫ్యాను రిలేని (కరెంటు స్విచ్చిని) కూడా స్మార్ట్ కాంట్రాక్టే (చెయిన్ మీద నడిచే ప్రోగ్రామే) నడపాలి.

ముందు ఆ చివరి కోరిక వదిలేయండి. ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో ఒక్కో బ్లాకుకు (రికార్డుల కట్టకు) 12 సెకన్లు, అది ఇక మారదని ఖాయమయ్యేసరికి దాదాపు 13 నిమిషాలు. పైగా నెట్ పోతే ఫ్యాను మీ చేతిలో ఉండదు. రిలేకి లోకల్ నెట్‌వర్క్‌లో ఒక మస్కిటో బ్రోకర్ (సందేశాలు చేరవేసే ప్రోగ్రామ్) పెట్టి ఎంక్యూటీటీతో (పరికరాలు చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి) నడపండి, చాలు.

రీడింగులు రోజుకు 14,400 వస్తాయి. ఇన్నీ విడివిడిగా చెయిన్‌కెక్కిస్తే ఫీజులు భరించలేరు. ఈఎస్పీ32లో ఉన్నది 520 కిలోబైట్ల ర్యామ్, ఐపీఎఫ్ఎస్ నోడ్ (ఆ నెట్‌వర్క్‌లో చేరే ప్రోగ్రామ్) అందులో నడవదు. కాబట్టి బోర్డు కొలిచి తన రహస్య కీతో సంతకం చేస్తుంది, గేట్‌వే (బోర్డుల డేటా సేకరించే చిన్న కంప్యూటర్) రోజు డేటాను ఒక ఫైలుగా కట్టి మెర్కిల్ ట్రీ (రీడింగుల హ్యాష్‌లని, అంటే డేటా వేలిముద్రలని, జంటలుగా కలుపుతూ ఒక్కదానికి తెచ్చే చెట్టు) కడుతుంది, చెయిన్‌కు ఆ ట్రీ రూట్ (ఆ చివరి హ్యాష్) 32 బైట్లు మాత్రమే వెళ్తుంది. ఏదో ఒక్క రీడింగ్‌ని రుజువు చేయాలంటే 14 హ్యాష్‌లు, అంటే 448 బైట్లు చూపిస్తే సరి.

ఎక్కువమంది బోల్తా పడేది సంతకం దగ్గరే. జేసన్ (డేటాని అక్షరాల్లో రాసే ఫార్మాట్) మీద సంతకం చేయకండి. ఒక లైబ్రరీ 27.1 అని రాస్తుంది, ఇంకోటి 27.10 అంటుంది, అందులోని పేర్ల వరస కూడా మారుతుంది. హ్యాష్ కలవదు, తప్పెక్కడో దొరకదు. స్థిరమైన బైట్లు వాడండి: పరికరం నంబర్ 1, క్రమసంఖ్య 4, సమయం 4, ఉష్ణోగ్రత 2 (27.10ని 2710గా), తేమ 2, చివర సాల్ట్ (ఎవరూ ఊహించకుండా కలిపే యాదృచ్ఛిక సంఖ్య) 16. మొత్తం 29 బైట్లు. ట్రీ ఆకు ఈ 29 బైట్ల హ్యాషే. సాల్ట్ లేకపోతే పక్క ఆకు హ్యాష్ చూసి ఉష్ణోగ్రతను ఊహించడం నిమిషాల పని. సాల్ట్‌ని వైఫై ఆన్ అయ్యాకే తీయండి, రేడియో ఆపి ఉంటే ఈఎస్పీ32 ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యని నమ్మలేం.

బోర్డు లేచిన కొత్తలో గడియారం 1970 చూపిస్తుంది. డీఎస్3231 (గడియారం చిప్) పెట్టండి, లేదా ఎన్టీపీ (నెట్ నుంచి వచ్చే సమయం) అందేదాకా సంతకం ఆపండి. క్రమసంఖ్యని నిమిషానికోసారి ఫ్లాష్‌లో రాస్తే అది అరుగుతుంది. 1,000 చొప్పున ముందే కేటాయించి, ఆ పైహద్దునే సేవ్ చేయండి. రీబూట్ అయితే అక్కడినుంచి మొదలు. మధ్యలో ఖాళీలొచ్చినా ఫర్వాలేదు, వెనక్కి మాత్రం వెళ్ళకూడదు.

సంతకపు రహస్య కీని దాచడానికి ఏటీఈసీసీ608 చిప్ మంచిదే, కానీ సంతకానికి దానికి తెలిసింది పీ-256 అనే గణిత వంపు ఒక్కటే. ఎథీరియం లావాదేవీల సంతకం వేరే వంపు మీద. అందుకే ఎథీరియం వాడితే చెయిన్ వాలెట్ (లావాదేవీల కీ) గేట్‌వేలో ఉండాలి, బోర్డుల సంతకాలని చెయిన్ బయట సరిచూస్తే చాలు. ఒక మాట: సెన్సార్ మీద ఎవరైనా వేడి గుడ్డ వేస్తే ఈ చిప్ ఆ అబద్ధం మీదా చక్కగా సంతకం పెడుతుంది. ఆ అనుమానం ఉన్నచోట రెండో సెన్సార్ పెట్టి తేడా చూడాల్సిందే.

గేట్‌వేకి రాస్ప్‌బెర్రీ పై 4, ఎస్‌డీ కార్డు బదులు ఎస్ఎస్‌డీ. క్యూబోని (ఐపీఎఫ్ఎస్ నోడ్ ప్రోగ్రామ్) లోపవర్ ప్రొఫైల్‌తో మొదలుపెట్టండి. లేకపోతే వందల కనెక్షన్లతో చిన్న రౌటర్ న్యాట్ టేబుల్ (కనెక్షన్ల పట్టిక) నిండిపోయి నెట్ మొత్తం మొరాయించవచ్చు. 5001 పోర్టు (క్యూబోకి ఆదేశాలిచ్చే ద్వారం) 127.0.0.1 (అదే కంప్యూటర్) దాటకూడదు, అది దొరికితే నోడ్ పూర్తిగా చేజారినట్టే. రోజు ఫైలుని ఏఈఎస్-జీసీఎం పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేశాకే ఐపీఎఫ్ఎస్‌కి ఎక్కించండి, ఒకే కీతో నాన్స్ (ప్రతిసారీ మార్చాల్సిన సంఖ్య) ఎప్పుడూ రెండోసారి వాడొద్దు. ఐపీఎఫ్ఎస్‌లో పెడితే శాశ్వతం అన్నది అపోహ: మీరు పిన్ చేసిన (ఫైలు చెరగకుండా అట్టిపెట్టుకోమన్న) ఒక్క నోడ్ ఆగితే ఫైలు ఎవరికీ దొరకదు. ఇంకో చోట మరో నోడ్‌లోనూ పిన్ చేయండి. అలాగని చెరిపేయడమూ మన చేతిలో లేదు, ఎవరైనా కాపీ తీసుకుని ఉంటే అంతే.

రూట్‌కి కాంట్రాక్టు రాయనక్కర్లేదు, ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అనే సేవ దాన్ని ఉచితంగా బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌కి ముడి వేస్తుంది. అయితే స్టాంప్ చేసిన వెంటనే వచ్చే ఓటీఎస్ ఫైలు (దాని రుజువు ఫైలు) అసంపూర్ణం. కొన్ని గంటలాగి అప్‌గ్రేడ్ కమాండ్ నడపాలి, లేకపోతే మీ రుజువు ఇంకా వాళ్ళ క్యాలెండర్ సర్వర్ల మీదే ఆధారపడి ఉంటుంది. మర్నాడు పొద్దున నడిచేలా క్రాన్‌లో (వేళకి పనులు నడిపే షెడ్యూలర్) పెట్టి, ఆ ఫైలుని డేటా పక్కనే దాచండి.