నానో కణాల చికిత్స కోసం కీమో ఆపవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశలో ఉంది. రెండు విడతల కీమో పూర్తయింది. పాలిమర్ నానో కణాలతో రోగనిరోధక శక్తిని పెంచి క్యాన్సర్‌ను తగ్గిస్తారని ఒక వీడియోలో చూశాం. కీమో ఆపి ఆ చికిత్సకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దయచేసి ఆపవద్దు. మీరు చూసిన పరిశోధన నిజమైనదే గానీ, అది ఈ రోజు మీ నాన్నగారికి అందే చికిత్స కాదు.

మన కణాల్లో స్టింగ్ అనే ప్రొటీన్ కాపలా కాస్తుంటుంది. డీఎన్‌ఏ ఉండకూడని చోట కనిపిస్తే సీజీఏఎంపీ అనే చిన్న అణువు తయారై దాన్ని తట్టి లేపుతుంది. అప్పుడు కణం ఇంటర్‌ఫెరాన్లు అనే హెచ్చరిక ప్రొటీన్లను విడుదల చేసి, రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలను కణితి వైపు రప్పిస్తుంది. ఈ అణువునే నేరుగా మందుగా ఇస్తే, కణాల బయట ఉండే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. మిగిలినది కూడా తనకున్న రుణావేశం వల్ల కణపొరను సులువుగా దాటలేదు. అందుకే అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని పాలిమర్ బుడగలో పెట్టి చూశారు. కణం ఆ బుడగను మింగి ఒక సంచిలో బంధిస్తుంది, ఆ సంచిలో పెరిగే ఆమ్లానికి పాలిమర్ విడిపోయి, సంచి పొరను ఛేదించి మందును లోపలికి వదులుతుంది. 2019లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఎలుకల్లో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణితులపై ఇమ్యునోథెరపీ (రోగనిరోధక వ్యవస్థను క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే) మందు ఇంకా బాగా పనిచేసింది. (మార్కెట్లో దొరికే ‘ఇమ్యూనిటీ’ పొడులకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.)

పాలిమర్ అనగానే ప్లాస్టిక్ అని భయపడనక్కర్లేదు. ఆపరేషన్ తర్వాత వాటంతటవే కరిగిపోయే కుట్ల దారాల్లో కొన్ని ఈ జాతివే. అసలు చిక్కు మందు చేరడంలో ఉంది. పదేళ్ల అధ్యయనాలను 2016లో క్రోడీకరించి చూస్తే, ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరినది మధ్యస్థంగా 0.7 శాతమే. చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి.

మీ డాక్టర్‌ను అడగవలసినవి వేరే ఉన్నాయి. బయాప్సీ ముక్కపై ఈజీఎఫ్‌ఆర్, ఆల్క్ అనే జన్యువులకూ, పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌కూ పరీక్షలు చేశారా? మొదటి రెండింటిలో మార్పు ఉంటే మాత్రలతో చికిత్స ఉంది. అది లేకపోతే, పీడీ-ఎల్1 ఫలితాన్ని బట్టి ఇమ్యునోథెరపీ ఒంటరిగానో కీమోతో కలిపో ఇవ్వవచ్చు, ఆ మందులు మన దేశంలోనే దొరుకుతాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. ఎవరైనా ట్రయల్ పేరుతో నానో చికిత్స ఇస్తామంటే, సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు సంఖ్య అడిగి ఆ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ప్రయోగ మందుకే లక్షలు కట్టమంటే అక్కడి నుంచి వచ్చేయండి.