1978 కాడిలాక్ కూప్ డివిల్‌ను బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

టెక్సాస్‌లో మీ దగ్గరున్న 1978 కూప్ డివిల్‌లో ఏసీ పనిచేయడం లేదని, బంపర్ల పక్కనున్న ప్లాస్టిక్ ముక్కలు పొడిగా రాలిపోతున్నాయని, బ్రేకు పెడల్ బాగా కిందికి దిగుతోందని రాశారు. ఇదే తరం కాడిలాక్‌ను డాలస్ ప్రాంతంలో అమ్మిన అనుభవంతో చెబుతున్నాను: బండి క్షేమంగా నడవడానికి కావలసినవన్నీ బాగుచేయించండి, మిగతా లోపాలను దాచకుండా ముందే చెప్పి అమ్మండి.

బ్రేకులతో మొదలుపెట్టండి. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్న ఈ కారు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే రబ్బరు గొట్టాలు, వెనుక వీల్ సిలిండర్లు (డ్రమ్ముల్లో బ్రేకులను నొక్కే భాగాలు) పాడవడం మామూలే. చూడడానికి వచ్చినవారు కాసేపు నడిపి చూడనిదే సరైన బేరానికి దిగరు, అలా నడపడానికి ఇచ్చే బండి బ్రేకుల మీద మీకే నమ్మకం లేకపోతే ఇవ్వకూడదు. పాత పెట్రోలు తీయించి, కార్బ్యురేటర్ శుభ్రం చేయించి, చల్లగా ఉన్న ఇంజను స్టార్టవుతున్న వీడియో తీసి పెట్టండి. ఆ 7 లీటర్ల వీ8 నిలకడగా తిరుగుతున్న శబ్దం ఎన్ని ఫొటోలు పెట్టినా కలగని నమ్మకాన్ని కలిగిస్తుంది.

ఏసీ జోలికి వెళ్లకండి. అందులో వాడే ఆర్-12 గ్యాస్ తయారీ అమెరికాలో 1995 చివరితో ఆగిపోయింది. ఏసీని దాని బదులు వాడే ఆర్-134ఎ గ్యాస్‌కి మార్చుకోవాలా, పాత పద్ధతిలోనే ఉంచుకోవాలా అన్నది కొనేవారి ఇష్టానికి వదిలేయడం మంచిది. బంపర్ ముక్కలు రాలడం ఆ కాలపు కాడిలాక్‌లన్నిటికీ ఉన్న జబ్బేనని ఈ కార్లు ఇష్టపడేవారందరికీ తెలుసు. రంగు మాత్రం వేయించవద్దు. ఎండకు వెలిసినా కంపెనీలో వేసిన రంగుకే విలువ ఎక్కువ, చవకగా వేయించిన కొత్త రంగు చూస్తే కింద ఏం దాచారో అన్న అనుమానమే వస్తుంది.

పైకప్పు మీద వినైల్ టాప్ (తోలులా కనిపించే ప్లాస్టిక్ తొడుగు) ఉంటే వెనుక అద్దం కింది అంచును మీరే ముందు పరీక్షించండి. నా కారు కొన్న పెద్దమనిషి పలకరింపులు కాగానే నేరుగా అక్కడికే వెళ్లి, ఆ అంచు పొడవునా బొటనవేలితో నొక్కుతూ పోయారు. ఒకచోట కింద తుప్పు కరకరలాడింది. ఆ చోటును దగ్గరగా తీసిన ఫొటో ప్రకటనలోనే పెట్టాను కాబట్టి ఆయన తలూపి ముందుకు సాగారే తప్ప ధర తగ్గించమని అడగలేదు.

ధర నిర్ణయించేటప్పుడు అమ్మేవారు అడుగుతున్న ధరలు కాక, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. పైకప్పు మడవగలిగే 1976 కాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్‌తో పోల్చుకోవద్దు, దాని గిరాకీ వేరు.

కాగితాల్లో ఒక చిక్కు వస్తుంది. 17 అక్షరాల విన్ (వాహన గుర్తింపు సంఖ్య) 1981 మోడళ్లతో మొదలైంది. మీ కారుకు 13 అక్షరాలే ఉంటాయి గనుక కొన్ని ఆన్‌లైన్ ఫారాలు దాన్ని తీసుకోవు. డ్యాష్‌బోర్డు మీది సంఖ్యను యాజమాన్య పత్రమైన టైటిల్‌తో అక్షరం అక్షరం సరిచూసి, తేడా ఉంటే ప్రకటన ఇవ్వకముందే సరిచేయించండి. క్యాషియర్స్ చెక్కు (బ్యాంకు తన పేరుతో రాసిచ్చే చెక్కు) ఇస్తామంటే కొనేవారి బ్యాంకుకు మీరూ వెళ్లి, మీ కళ్లముందే రాయించుకున్నాక టైటిల్ మీద సంతకం చేయండి. నంబరు ప్లేట్లు తీసేసుకుని, బదిలీ సమాచారాన్ని 30 రోజుల్లోగా రాష్ట్ర వాహన శాఖకు పంపండి.