పారాట్రూపర్ అంటే దూకడమేనా? మా పెద్దనాయన చెప్పింది వేరే

మీ తమ్ముడు ఆర్మీలో చేరి రెండేళ్లయింది, ఇప్పుడు పారాకు, అంటే విమానం నుంచి పారాచూట్‌తో దూకే దళానికి, వాలంటీర్ చేస్తానంటున్నాడు, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది, యుద్ధంలో దూకినవాళ్ల బతుకు ఎట్లా ఉండేదో చెప్పమని అడిగారు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక చిన్న పల్లె. మా పెద్దనాయన బంగ్లాదేశ్ యుద్ధంలో, 1971 డిసెంబర్ 11న, ఢాకాకు ఉత్తరాన ఉన్న టాంగాయిల్‌లో దూకాడు. ఆయన నోట విన్నది చెప్తాను.

ముందు ఆ ఫొటో సంగతి. ఆకాశం నిండా పారాచూట్లున్న ఫొటో ఒకటి జోడించారు కదా, అది టాంగాయిల్‌ది కాదు. అంతకు ముందు ఆగ్రాలో జరిగిన విన్యాసాల్లో తీసింది. అప్పట్లో పేపర్ల వాళ్లకు అదే ఇచ్చారు. చూసినవాళ్లు వేల మంది దిగారనుకున్నారు. దిగింది 700 మందికి పైగా, అంతే. ఆ ఫొటో ఎక్కడ కనబడినా పెద్దనాయన నవ్వుతాడు. "ఇందుల నేను లేను, నాకు ఎర్కే" అంటాడు.

ఆయన గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాక పారా ఫిరంగి దళానికి వాలంటీర్ చేశాడు. అప్పుడూ ఇప్పుడూ ఎవరినీ బలవంతంగా తోయరు, తానుగా ఒప్పుకుంటేనే. ముందు పెట్టే ప్రొబేషన్‌లో, అంటే పనికొస్తాడా లేదా అని చూసే రోజుల్లో, చాలామంది వెనక్కి వస్తారు. అది పరువు తక్కువేం కాదని మీ తమ్ముడికి ఇప్పుడే చెప్పి పెట్టండి. ప్రొబేషన్ దాటితే ఆగ్రాలో ఐదు జంపులు, అందులో ఒకటి రాత్రిపూట. అవి పూర్తయితే రెక్కల బ్యాడ్జి.

మా దగ్గర పిల్లలు వీపుకు బెండు కట్టుకుని మోటబాయిలో దూకే ఈత నేర్చుకుంటారు. పెద్దనాయన కూడా అట్లా నేర్చుకున్నవాడే. మొదటి జంపు ఎట్లుండెనంటే, "బాయిల దుంకినట్టే అనుకున్న. బాయిల నీళ్లు కనబడ్తయ్. ఈడ కిందికి చూడొద్దంటరు, ముందల్కే చూడాలె" అన్నాడు. విమానంలో పైన ఒక తీగ ఉంటుంది, దానికి మన పట్టీ కొక్కెం తగిలిస్తారు. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు రాగానే ఒకరి వెనక ఒకరు బయటికి. ఆ పట్టీయే పారాచూట్‌ను లాగి తెరుస్తుంది, మనం లాగేదేమీ లేదు. గాలిలో ఉండేది నిమిషం అటూ ఇటూ. కాళ్లు రెండూ దగ్గరపెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, పక్కకు దొర్లాలి.

ఆ నిమిషం గురించి అందరూ అడుగుతారు. తర్వాత సంగతే ఎవరూ అడగరని ఆయన బాధ.

టాంగాయిల్‌లో దిగేసరికి పొద్దు గూకబోతోంది. 2 పారా బెటాలియన్‌తో పాటు ఫిరంగులు, ఇంజనీర్లు, వైద్యులు కూడా దిగారు. మైమెన్‌సింగ్ నుంచి ఢాకాకు వెనక్కి పోతున్న పాకిస్తాన్ సేన దారి కోయాలి, లోహజంగ్ నది మీద పూంగ్లీ వంతెన పట్టుకోవాలి, పని అది. మనుషులు ఒక చోట, సామాను ఇంకో చోట పడ్డాయి. పెద్దనాయన వాళ్ల ఫిరంగి సామాను ఒక చెరువు బురదలో కూరుకుపోయింది. చీకట్లో వరి మళ్లలో వెతుక్కుంటుంటే ఊరివాళ్లు "జై బంగ్లా" అంటూ లాంతర్లతో వచ్చారట. భాష రాదు. తాడు చూపిస్తే అర్థమైంది. ఇరవై మంది పట్టి లాగారు. ఒక ముసలాయన తన గొంగడి తీసి ఈయన భుజాల మీద కప్పి పోయాడు. వంతెన గురించి చెప్పేటప్పుడు మామూలుగానే చెప్తాడు కానీ, ఆ గొంగడి దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆగుతాడు.

వంతెన ఆ సాయంత్రమే చేతికొచ్చింది. రాత్రంతా కాల్పులు. మర్నాడు సాయంత్రానికి ఉత్తరం నుంచి మన సేనే, మరాఠా లైట్ ఇన్ఫెంట్రీ, వచ్చి కలిసింది. 16న ఢాకా చేరారు. దారంతా సామాను భుజాల మీద మోయడమే.

ఇంట్లో మాత్రం ఏమీ తెలియదు. రేడియోలో టాంగాయిల్ అన్నారు కానీ కొడుకు అక్కడే ఉన్నాడని నానమ్మకు ఎవరు చెప్తారు? జనవరిలో ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. అందులో ఉన్నదల్లా "నేను క్షేమం, ఎద్దుకు జబ్బు తగ్గిందా" అని. నానమ్మ దాన్ని పసుపు డబ్బాలో దాచింది.

ఇక మీ తమ్ముడికి అసలు పనికొచ్చే ముక్క. తర్వాతెప్పుడో ప్రాక్టీసు జంపులో పెద్దనాయన మోకాలు దెబ్బతిన్నది. చెప్తే జంపులు ఆపేస్తారని కట్టు కట్టుకుని ఊరుకున్నాడు. రిటైరయ్యాక నొప్పి ముదిరింది. వైకల్యం పెన్షన్‌కు అప్లయ్ చేస్తే, గాయం ఎక్కడా నమోదు కాలేదు, సర్వీసులోనే అయిందని రుజువేదీ అని తిప్పి పంపారు. పైగా మా ఊరి పేరు వినగానే డాక్టరు ఇది ఫ్లోరైడ్ నొప్పేమో అన్నాడు. తప్పు పట్టలేం, మా నీళ్లు అట్లాంటివే. పారాచూట్‌దో బాయి నీళ్లదో ఆ మోకాలికే తెలియాలి. చిన్న దెబ్బ తగిలినా సరే, రిపోర్ట్ రాయించుకుని కాపీ ఇంటికి పంపమనండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం, మొండితనం రెండూ వద్దు.

మీ తమ్ముడు సెలవుకొస్తే తీసుకురండి, మాట్లాడిస్తాను. పొద్దున్నే రావాలి, పదింటికల్లా ఆయన మంచం యాపచెట్టు కిందికి మారుతుంది, ఇక నిద్రే. ధైర్యముందా అని అడుగుతాడనుకోకండి. మొన్న మా మేనల్లుడు ఆర్మీకి పోతానంటే ఆయన అడిగింది ఒక్కటే: "ఎంత బరువు మోస్తవ్ రా, ఎంత దూరం?"