గైనిక్ ఓపీకి ట్రాన్స్ మగవాళ్లు వస్తే ఎలా పిలవాలి?

మీరు శ్రీకాకుళంలో గైనిక్ ఓపీలో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సునని, ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్న ఒకరు కడుపునొప్పితో వస్తే ‘అమ్మా’ అనాలో ‘బాబూ’ అనాలో తోచలేదని రాశారు. నేను విజయనగరంలో కౌన్సిలర్‌ని, ఇలాంటివాళ్లతో మాట్లాడుతూనే ఉంటాను.

ముందు ‘మీరు’ అనండి. ‘రండి, కూర్చోండి, ఎప్పట్నుంచి నొప్పి?’ అంటే ఆడా మగా అన్న ప్రశ్నే రాదు. తలుపు వేశాక ‘మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?’ అని అడగండి.

అసలు దెబ్బ తగిలేది బయట హాల్లో. ఒకసారి అటెండర్ ఆధార్‌లో ఉన్న ఆడపేరు గట్టిగా పిలిచి ‘లోపలికి రావమ్మా’ అన్నాడు. గడ్డం ఉన్న కుర్రాడు లేచేసరికి బెంచీల మీదున్న వాళ్లంతా తిరిగి చూశారు. ఆ అబ్బాయి చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అందుకే అందరినీ టోకెన్ నంబరుతోనే పిలవమని పట్టుబడతాను.

అయితే మొహమాటపడి అడగాల్సింది మానేయకండి. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వాడుతూ నెలసరి ఆగినా గర్భం రావచ్చు, ఆ మందు గర్భనిరోధకం కాదు. గర్భసంచి ముఖద్వారం ఉన్నంతకాలం దాని క్యాన్సర్ పరీక్షా అవసరమే. కాబట్టి ‘పెళ్లయ్యిందా?’ అని మొదలుపెట్టకుండా ‘గర్భం వచ్చే అవకాశం ఉందా? ఏమైనా హార్మోన్లు వాడుతున్నారా?’ అని అడగండి, ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పండి. బొబ్బిలి, గజపతినగరం వైపు నుంచి వచ్చే పెళ్లికాని ఆడపిల్లలు కూడా ఇలా అడిగితేనే నిజం చెబుతారు. పెళ్లి మాటెత్తితే నోరు కట్టేసినట్టే.

ఇదంతా కొత్త ఫ్యాషన్ అనే సీనియర్లు ఉంటారు. వాళ్లకు 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన అబార్షన్ తీర్పు గురించి చెప్పండి. అందులో ‘మహిళ’ అన్న మాట కిందికి, సురక్షిత గర్భస్రావం అవసరమయ్యే ఇతర జెండర్ల వాళ్లూ వస్తారని కోర్టే స్పష్టంగా రాసింది.

ఇంకొకటి. వెంట వచ్చిన అమ్మానాన్నల ముందు ఏ పేరు వాడాలో విడిగా అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఇంకా చెప్పుకోని వాళ్లు చాలామంది ఉంటారు.