ఆ కాఫీ కప్పు ఎవరిది?

ప్రశ్న: నా వయసు 33. సొంతూరు రాజమండ్రి. తొమ్మిదేళ్ళుగా అట్లాంటాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడ నాకు ముగ్గురు ప్రాణస్నేహితులు, ముగ్గురూ నల్లజాతి అమెరికన్లే. శనివారం పొద్దున్నే కలిసి బాస్కెట్‌బాల్ ఆడతాం. వాళ్ళలో ఒకడి పెళ్ళి అక్టోబర్‌లో. నన్ను తోడు పెళ్ళికొడుకుగా నిలబడమన్నాడు. ఆ సంతోషంలో నలుగురం కూర్చుని ‘ది బ్రదర్స్’ సినిమా చూశాం. వాళ్ళు పగలబడి నవ్వారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండున్నరేళ్ళుగా నేనూ ఒకమ్మాయీ కలిసి ఉంటున్నాం. ఆమె కూడా నల్లజాతి అమ్మాయే, నర్సు. అమ్మకి తెలియదు. వీడియో కాల్ వస్తే ఆమె లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. పోయిన నెల అమ్మ నా వెనక టేబుల్ మీద పసుపు పువ్వుల కాఫీ కప్పు చూసి “అదెవరిదిరా?” అంది. “రూమ్మేట్ చెల్లెలిది” అనేశాను. ఆ రాత్రి ఆమె, “మీ అమ్మకి నేనెవరని చెబుతావు?” అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

పెళ్ళంటే నాకు భయం. నా చిన్నప్పుడు నాన్న చిన్నిల్లు పెట్టారు. ఆరేళ్ళ తర్వాత తిరిగొస్తే అమ్మ రానిచ్చింది. నేనూ ఆయనలాగే తయారవుతానేమో. జిమ్‌లో ఫ్రెండ్స్ “తొందరేముంది” అంటారు. తెలుగు ఫ్రెండ్స్ “వాళ్ళ కల్చర్ వేరు, నిలవదు” అంటారు. నేను ఆ సినిమాలో డాక్టర్ లాంటివాణ్ణా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ నేను ఆ కప్పు దగ్గర ఆగిపోయాను. “రూమ్మేట్ చెల్లెలిది” అని మీరు అన్నప్పుడు ఆమె తలుపు అవతలే ఉండి ఉంటుంది. రెండున్నరేళ్ళు ఒకింట్లో ఉన్న మనిషికి మీ గొంతు ఎప్పుడు మారిందో తెలియడానికి తెలుగు రానక్కర్లేదు.

ముందు సినిమా సంగతి మాట్లాడుకుందాం. 2001లో గ్యారీ హార్డ్‌విక్ రాసి తీసిన సినిమా అది. లాస్ ఏంజెలెస్‌లో నలుగురు నల్లజాతి స్నేహితులు, చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్ళు. వాళ్ళలో ఒకడు పెళ్ళి చేసుకుంటున్నాననగానే మిగతావాళ్ళు ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నవి ఒక్కొక్కటే బయటికొస్తాయి. మీరు పోల్చుకున్న జాక్సన్ పిల్లల డాక్టర్. పెళ్ళికూతురి గౌనులో ఉన్న ఆడమనిషి తుపాకీ పట్టుకుని తన మీదికి వస్తున్నట్టు అతనికి కల. మీ ఫ్రెండ్స్ నవ్వింది దానికే అనుకుంటాను. నవ్వొచ్చేలాగే తీశారు కూడా.

ఆ జాక్సన్ వేషం వేసిన మోరిస్ చెస్ట్‌నట్‌ని అంతకు పదేళ్ళ ముందు, 1991లో, ‘బాయ్జ్ ఎన్ ద హుడ్’లో చూసినవాళ్ళు మర్చిపోలేరు. అందులో అతను రికీ. ఫుట్‌బాల్ ఆటతో కాలేజీలో సీటు సంపాదించి బాగుపడాలనుకున్న కుర్రాడు. అదే లాస్ ఏంజెలెస్‌లో, ఇంటికి దగ్గర్లోనే, తుపాకీ గుండు తగిలి చనిపోతాడు. పదేళ్ళకి మళ్ళీ అదే ఊరు, అదే నటుడు, కాకపోతే ఈసారి అతని మీదికి వచ్చే తుపాకీ కలలోది. తెర మీద తమలాంటి కుర్రాళ్ళు చచ్చిపోవడమో జైలుకెళ్ళడమో చూస్తూ పెరిగిన తరానికి, ముప్పై దాటేదాకా బతికి, మంచి ఉద్యోగం చేసుకుంటూ, పెళ్ళికి భయపడే తీరిక ఉన్న మగవాళ్ళు కనిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మీ ఫ్రెండ్స్ నవ్వులో ఆ సంతోషం కూడా ఉండి ఉంటుంది. వాళ్ళు మీ భయాన్ని చూసి నవ్వారని మాత్రం అనుకోకండి. మీకు భయం ఉందని వాళ్ళకి ఎప్పుడైనా చెప్పారా?

ఇక మీ ప్రశ్న. జాక్సన్‌కి కోపమంతా తండ్రి మీద. డెనిస్ అనే ఫొటోగ్రాఫర్‌ని మనసారా ప్రేమిస్తాడు. అంతా బాగున్న సమయంలో, తనకంటే ముందు ఆమె కొన్నాళ్ళు తన తండ్రితోనే తిరిగిందని తెలుస్తుంది. తట్టుకోలేడు. తండ్రి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న కోపం ఆమె మీదికి మళ్ళుతుంది. తనని కలవకముందు జరిగినదానికి ఆమె సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ ఒక్క విషయంలో మీరు అతనిలాంటివాళ్ళే. మీ నాన్నగారి బాకీ ఈ అమ్మాయి చేత కట్టిస్తున్నారు.

“నాన్నలాగే అవుతానేమో” అన్నారు. ఆయన ఏం చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒకింట్లో మనిషి సంగతి ఇంకో ఇంటికి తెలియకుండా నెట్టుకొచ్చారు. చిన్నిల్లు అనే మాటలో ఉన్నదే ఆ దాపరికం. మీరు ఏ ఆడపిల్లనీ మోసం చెయ్యలేదు, నాకు తెలుసు. కానీ ఫోన్‌లో ఒక బతుకు, ఇంట్లో ఒక బతుకు నడుస్తున్నాయి. పెళ్ళయ్యాక ఎప్పుడో నాన్నలా మారతానేమోనని బెంగపడుతున్నారు గానీ, ఆ అలవాటు ఇప్పటికే కొంచెం మీ చేతికొచ్చింది. ఇది చదివితే మీకు బాధ కలుగుతుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మీరిద్దరూ ఇంకా ఒకే ఇంట్లో ఉన్నారు, ఈ సాయంత్రమే మాట్లాడుకోవచ్చు. ఆయనకి ఆరేళ్ళు పట్టింది.

“తొందరేముంది” అనే మాట దగ్గరికి వస్తాను. మగస్నేహితులు నలుగురు చేరితే మాటలకి కొదవుండదు. ఆట గురించి, ఆఫీసు గురించి, ఆడవాళ్ళ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. ఎవరైనా గొంతు తగ్గించి ఒక నిజం చెప్పబోతే పక్కవాడు జోకేస్తాడు. ప్రేమ లేక కాదు. ఆ నిజం తన దాకా వస్తుందేమోనని. సినిమాలో చూడండి, ముగ్గురు ప్రాణస్నేహితులుండి కూడా జాక్సన్ తన కల సంగతి చెప్పుకోవడానికి థెరపిస్టు దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. మీరూ వెళ్ళండి. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో కౌన్సెలింగ్ ఖర్చు వస్తుందేమో కనుక్కోండి. అంతకంటే ముందు, పెళ్ళి కుదిరిన ఆ ఫ్రెండ్‌ని ఒక్కణ్ణే కలవండి. బంతీ వద్దు, బీరూ వద్దు. “నీకు భయం వెయ్యలేదా? ఏం చేశావు?” అని అడగండి. తన పక్కన నిలబడమని మిమ్మల్నే పిలిచిన మనిషి ఆ ప్రశ్నకి జోకు వెయ్యడు.

తెలుగు స్నేహితుల మాట మీద ఎక్కువ రాయను. సినిమాలో లాయర్ బ్రయాన్, ఎవరో ఒకరిద్దరితో పొసగలేదని, ఇక నల్లజాతి అమ్మాయిలే వద్దని ఒట్టు పెట్టుకుంటాడు. తన జాతి అమ్మాయిలనే! “వాళ్ళ కల్చర్ వేరు” అనడం కూడా అలాంటి ఒట్టే. వేరే కల్చర్‌లో మీరు తొమ్మిదేళ్ళుగా బతుకుతున్నారు, అందులోనే ముగ్గురు ప్రాణస్నేహితులు దొరికారు.

ఆ కల్చర్‌లో పెళ్ళికి ఎంత బరువుందో మాత్రం మీరు తెలుసుకోవాలి. మీ ఫ్రెండ్ పెళ్ళిలో చీపురు దాటే తంతు ఉందేమో అడగండి. మన ఇళ్ళల్లో చీపురు కాలికి తగిలితేనే తప్పంటారు. అక్కడ చాలా జంటలు దాన్ని రిబ్బన్లతో, పూలతో అలంకరించి, చేతులు పట్టుకుని ఒక్క గెంతులో దాటతారు. బానిసత్వం రోజుల్లో వాళ్ళ పెళ్ళికి చట్టంలో విలువ లేదు. యజమాని తలుచుకుంటే భర్తని ఒక ఊరికి, భార్యని ఒక ఊరికి అమ్మేసేవాడు. రాతకోతలు లేని ఆ జంటలు నలుగురి ముందు చీపురు దాటి మేం భార్యాభర్తలం అని చెప్పుకునేవాళ్ళు. 1865లో బానిసత్వం పోయాక, ఏళ్ళ తరబడి కాపురం చేసి పిల్లల్ని కన్న జంటలు కూడా పెళ్ళి కాగితం కోసం ముందుకొచ్చారు. ఇక వేర్వేరు జాతుల మధ్య పెళ్ళిళ్ళ సంగతికొస్తే, తెల్లవాళ్ళని చేసుకోకూడదనే నిషేధం 1967 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా 16 రాష్ట్రాల్లో ఉంది. మీరుంటున్న జార్జియా వాటిలో ఒకటి. ఆమె అమ్మమ్మలకి అది పుస్తకాల్లో చదువుకున్న చరిత్ర అయ్యుండదు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల “నేనెవరని చెబుతావు?” అని అడిగింది. దాన్ని పెళ్ళి ఒత్తిడి అనుకోకండి. తనకి ఒక పేరు, ఒక వరస ఇమ్మంటోంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. మొదట ఆమెతో మాట్లాడండి, అమ్మతో తర్వాత. కప్పు గురించి ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. నాన్నగారి కథ మొత్తం చెప్పండి, అమ్మ ఆరేళ్ళు ఎలా గడిపిందో కూడా. ఈ కథ ఆమెకి ఇంతవరకూ చెప్పలేదని మీ ఉత్తరం చదివితే నాకనిపిస్తోంది. అది తెలియకపోతే మీ మౌనానికి కారణం తన ఒంటి రంగే అనుకుంటుంది. బహుశా ఇప్పటికే అనుకుంటోంది. ఒకవేళ అందులో రంగు వాటా కూడా ఉంటే, అదీ ఒప్పుకోండి. చామనఛాయ పిల్ల అంటేనే పెళ్ళిచూపుల్లో పెదవి విరిచే ఇళ్ళు మనవి. అందులోంచి వచ్చిన మీకు ఆ జంకు ఉండడం వింత కాదు, దాన్ని ఆమె దగ్గర దాచడమే తప్పు. మీరు వీసా మీద ఉన్నట్లయితే, గ్రీన్‌కార్డ్ కోసం చేసుకున్నాడంటారనే టెన్షన్ కూడా ఉంటుంది. అదీ ఆ రాత్రే బయట పెట్టండి.

అంతా చెప్పాక మీ మనసు “వద్దు” అంటే, ఆ మాట ఆమెకి చెప్పి సాగనంపండి. ఏడుస్తుంది, తిడుతుంది, తన బతుకు తను చూసుకుంటుంది. “కావాలి” అంటే గడువు మీకు ముందే ఉంది. అక్టోబర్‌లో మీరు సూటు వేసుకుని పెళ్ళికొడుకు పక్కన నిలబడేరోజు, ఆమె మూడో వరసలో ఫ్రెండ్‌గా కూర్చోకూడదు. ఆలోపు అమ్మకి తెలియాలి.

అమ్మకి చెప్పేటప్పుడు అక్కల చేత, పిన్నుల చేత చెప్పించొద్దు. ఫోన్‌లో మీరే చెప్పండి. ముందు ఆమె పేరు, తర్వాత నర్సు అని, ఏ వార్డులో చేస్తుందో, మీకు జ్వరమొస్తే ఏం వండిపెడుతుందో చెప్పండి. ఏ జాతి అని అమ్మ ఎలాగూ అడుగుతుంది, అప్పుడు తడుముకోకుండా చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి. “నాన్నలాగే చేశావు” అనొచ్చు. మీరు ఇన్నాళ్ళూ భయపడ్డ మాట అదే. “లేదమ్మా, నేను నీకు చెబుతున్నాను” అనండి.

ఆమెతో మాట్లాడాక ఏమైందో నాకు రాయండి. అమ్మ దగ్గర ఎలా మొదలుపెట్టాలో దాన్ని బట్టి ఇంకొంచెం వివరంగా చూద్దాం.