రెట్రోవైరస్ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా ఎందుకు మార్చుకుంటుందో నాకు హుద్‌హుద్ వారంలో తెలిసింది

హెచ్‌ఐవీలాంటి రెట్రోవైరస్‌లు, అంటే జన్యు సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా మోసుకొచ్చే వైరస్‌లు, తమ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా ఎలా కాపీ చేస్తాయి, ల్యాబ్‌లో అదే పని మనం ఎలా చేయిస్తాం, అసలు ఎందుకు చేయించాలి అని అడిగారు. ఎలా అన్నది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఎందుకు అన్నది మాత్రం నాకు 2014 అక్టోబరులో, కరెంటు లేని ల్యాబ్‌లో ఫ్రీజర్ తలుపు తీసి నిలబడ్డప్పుడు తెలిసింది. అందుకని అక్కడినుంచే చెబుతాను.

అప్పుడు నేను విశాఖలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. పని రొయ్యల మీద. భీమిలి వైపు చెరువుల దగ్గరికి తెల్లవారకుండానే వెళ్లి, రొయ్యలు తెచ్చి, తలలో ఉండే గోధుమరంగు ముద్ద తీసుకునేదాన్ని. ఇంట్లో రొయ్యలు ఒలిచేటప్పుడు పారేస్తామే, అదే. జీర్ణరసాలన్నీ అందులోనే ఉంటాయి, వాటితోపాటు ఆర్‌ఎన్‌ఏని కొరికేసే ఎంజైములూ ఉంటాయి. కోసిన నిమిషం నుంచీ టెన్షనే. ట్రైజాల్ అనే ద్రావణంలో నూరి, క్లోరోఫామ్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున గులాబిరంగు పొర, మధ్యలో తెల్లగా మీగడలాంటి పొర, పైన నీళ్లలాంటి పొర వస్తాయి. ఆ పై పొరే మనకి కావలసింది. పిపెట్ కొస మధ్య పొరకి తగిలిందా, డీఎన్‌ఏ కూడా వెంట వచ్చేస్తుంది. చివరికి ట్యూబు అడుగున గోరంచంత తెల్లటి మరక మిగులుతుంది, అంతే. అలాంటివి 24 ట్యూబులు, నాలుగు నెలల కష్టం.

వాటిని మైనస్ 80లో పెట్టాలి. మైనస్ 80 ఫ్రీజర్ మా ఫ్లోర్ మొత్తానికి ఒకటే, అందులో ఎప్పుడో వెళ్లిపోయిన వాళ్ల పెట్టెలు, పేర్లు కూడా చెరిగిపోయినవి, నిండా ఉండేవి. తీయించమని రెండుసార్లు కాగితం రాసిచ్చినా ఎవరూ కదల్లేదు. నావి మైనస్ 20లోనే ఉండిపోయాయి.

హుద్‌హుద్ తుపాను ఆదివారం, 12వ తేదీన వస్తుందని చెప్పారు కాబట్టి శుక్రవారం సాయంత్రం ఉన్నంత ఎంజైముతో ఆరు ట్యూబులకి సీడీఎన్‌ఏ, అంటే ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ కాపీ, చేశాను. ఇదే మీరు అడిగిన ల్యాబ్ పద్ధతి. ఒక మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏకి ఓలిగో డీటీ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క కలిపి, 65 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసులో గుచ్చాలి. వేడికి ఆర్‌ఎన్‌ఏ మడతలు విడిపోతాయి, చల్లబడేటప్పుడు ఆ ముక్క ఆర్‌ఎన్‌ఏ తోకలోని ‘ఎ’ల వరస మీద కూర్చుంటుంది. తర్వాత బఫరు, డీఎన్‌ఏ కట్టే నాలుగు ఇటుకలు (డీఎన్‌టీపీలు), ఆర్‌ఎన్‌ఏని కాపాడే ఇన్‌హిబిటర్, చివరగా ఎంజైము. మొత్తం 20 మైక్రోలీటర్లు, నీటి చుక్కంత కూడా ఉండదు. 37 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు, 70 దగ్గర 15 నిమిషాలు పెడితే ఎంజైము చచ్చిపోతుంది, డీఎన్‌ఏ పోగు మిగులుతుంది. ఆ ఎంజైము ఎలుకలకి లుకేమియా తెచ్చే ఒక రెట్రోవైరస్‌ది, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్.

ఆదివారం ఏమైందో విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మంగళవారం ఎంవీపీ కాలనీ నుంచి నడిచే వెళ్లాను. రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లు, వాటి మీదుగా కరెంటు తీగలు, ఊరంతా విరిగిన కొమ్మల పచ్చివాసన. పాల ప్యాకెట్ల కోసం జనం బారులు తీరి ఉన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ చూసి, “ఏటమ్మా, నడిసొచ్చీసినావా? లోపల ఏటీ నేదు, అంతా సీకటే” అన్నాడు. జనరేటర్ ఉంది కానీ మా ఫ్రీజర్లకి దాని లైను ఇవ్వలేదట. ఆఫీసు గదిలో ఫ్యానుకి ఇచ్చారు! ఇన్నేళ్లయినా ఆ కోపం నాకు తగ్గలేదు.

ఫ్రీజర్ కింద మడుగు కట్టి ఉంది. తలుపు తీస్తే ఉక్కపోత గదిలోకి ఇంకో ఉక్కపోత వచ్చినట్టు ఉంది. అట్టపెట్టె తడిసి మెత్తబడి చేతికే ఊడొచ్చింది, మూతల మీద రాసిన నంబర్లు కొన్ని నీలంగా అలుక్కుపోయాయి. బాబాయ్ టార్చి పట్టుకుంటే ఒక్కో ట్యూబు తుడిచి స్టాండులో పెట్టాను. ఐసు ఊళ్లో ఎక్కడా దొరకలేదు. ఆరో రోజున మా బిల్డింగుకి కరెంటు వచ్చింది.

ముందు ఆర్‌ఎన్‌ఏ ట్యూబులు జెల్ మీద పెట్టాను, ముక్కల్ని సైజు ప్రకారం విడదీసి గీతలుగా చూపించే పలక అది. రొయ్య ఆర్‌ఎన్‌ఏ బాగుంటే ఒకే ఒక పదునైన గీత కనబడుతుంది. పుస్తకంలో ఉన్నట్టు రెండు గీతలు రావు, ఎందుకంటే రొయ్యలాంటి జీవుల్లో పెద్ద రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ వేడి చేస్తే నడిమికి రెండుగా విడిపోయి చిన్నదానితో కలిసిపోతుంది. ఇది తెలియక మొదటి ఏడాదిలో రెండు నెలలు పోగొట్టుకున్నాను, ఎవరూ చెప్పలేదు. ఈసారి ఆ ఒక్క గీత కూడా లేదు. పొగలా కిందికి జారిపోయిన మరక, అన్ని వరసల్లోనూ అదే. శుక్రవారం చేసిన ఆరు సీడీఎన్‌ఏలు మాత్రం యాక్టిన్ అనే జీన్‌కి సరిపోయే ప్రైమర్లతో (కాపీ మొదలవడానికి కావలసిన చిన్న ముక్కలు) పీసీఆర్, అంటే డీఎన్‌ఏని లక్షల రెట్లు పెంచే పద్ధతి, చేస్తే ఆరింటికి ఆరూ గీత ఇచ్చాయి. అదే ఫ్రీజరు, అదే ఉక్క, పక్కపక్కనే ఉన్న పెట్టెలు.

ఆర్‌ఎన్‌ఏ చక్కెరలో రెండో స్థానంలో ఒక ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జత) ఉంటుంది, అది పక్కనున్న ఫాస్ఫేట్ మీద పడి తన గొలుసుని తనే తెంపుకోగలదు. పైగా మన చెమటలో, వేళ్ల మీద, అంతటా దాన్ని తినే ఎంజైములు. డీఎన్‌ఏకి ఆ ఓహెచ్ లేదు. నన్నడిగితే రెట్రోవైరస్ కథంతా ఇదే. ఆర్‌ఎన్‌ఏతో కణంలోకి వచ్చి, నిలవ ఉండే రూపంలోకి మారి, మన క్రోమోజోములోనే దూరి కూర్చుంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు మాత్రలు జీవితాంతం వేసుకోవలసి రావడానికి కారణం ఆ కూర్చున్న కాపీయే. వాళ్ల మాత్రలో ఉండే టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కట్టే గొలుసులో దూరి, ముందుకి సాగకుండా ఆపేస్తాయి.

వైరస్ చేసే పద్ధతి మాత్రం మన ట్యూబులో జరిగేదానికంటే చాలా గడుసుది. మనం ప్రైమరు కొనుక్కుంటాం, అది ఆతిథ్యం ఇచ్చిన కణంలోని టీఆర్‌ఎన్‌ఏనే (ప్రొటీన్ కట్టడానికి అమైనో ఆమ్లాలు మోసుకొచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏ) ప్రైమరుగా వాడుకుంటుంది. హెచ్‌ఐవీ లైసిన్‌ని మోసేదాన్ని, ఎలుక లుకేమియా వైరస్ ప్రోలిన్‌ని మోసేదాన్ని. టీఆర్‌ఎన్‌ఏ కొసలోని 18 అక్షరాలు వైరస్ ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుంటాయి, అదీ మొదటి కొసకి దగ్గర్లో. కాబట్టి రెండొందల అక్షరాలు కూడా రాయకముందే దారి అయిపోతుంది. అప్పుడు ఎంజైములోని ఇంకో భాగం, ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్, రాయడం అయిపోయిన ఆర్‌ఎన్‌ఏని తినేస్తుంది. విడిగా మిగిలిన డీఎన్‌ఏ ముక్క రెండో కొసకి దూకుతుంది. తువ్వాలుకి రెండు కొసల్లో ఒకే అంచు నేసినట్టు, వైరస్ ఆర్‌ఎన్‌ఏకి రెండు వైపులా ఒకే వరస ఉంటుంది కాబట్టే అది సరిగ్గా అతుకుతుంది. అక్కడినుంచి పొడుగంతా రాస్తుంది. తినకుండా మిగిలిన ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ తునక రెండో పోగుకి ప్రైమరవుతుంది, మళ్లీ ఒక దూకుడు, అప్పుడు పూర్తవుతుంది. తయారైన డీఎన్‌ఏ అసలు ఆర్‌ఎన్‌ఏ కంటే పొడుగ్గా, రెండు వైపులా ఒకేలాంటి పెద్ద వరసలతో ఉంటుంది. తప్పు రాస్తే దిద్దుకునే ఏర్పాటు ఈ ఎంజైముకి లేదు, హెచ్‌ఐవీ అంత త్వరగా మారిపోవడానికి అదొక పెద్ద కారణం.

ఈ ఎంజైముని కనిపెట్టింది 1970లో. శాస్త్రవేత్తలు టెమిన్, మిజుటానీ కోళ్లకి క్యాన్సర్ తెచ్చే రౌస్ సార్కోమా వైరస్‌తో, బాల్టిమోర్ ఎలుక లుకేమియా వైరస్‌తో, విడివిడిగా చేశారు. నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండూ వచ్చాయి. వైరస్ పొరని తెరిచి, రేడియోధార్మిక థైమిడిన్ అణువులు అందిస్తే అవి డీఎన్‌ఏలో చేరాయి. ముందే ఆర్‌ఎన్‌ఏని తినే ఎంజైము (ఆర్‌ఎన్‌ఏజ్) వేస్తే చేరడం తగ్గిపోయింది, అంటే ఆ కాపీకి మూలం ఆర్‌ఎన్‌ఏయే. టెమిన్ ఈ మాట 1964 నుంచీ చెబుతున్నా నమ్మినవాళ్లు తక్కువ. 1975లో ఆయనకీ బాల్టిమోర్‌కీ, డల్బెకోతో కలిపి నోబెల్ వచ్చింది. దీనితో సెంట్రల్ డాగ్మా (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకి, అక్కడినుంచి ప్రొటీన్‌కి సమాచారం వెళ్తుందన్న సూత్రం) కూలిపోయిందని కోచింగుల్లో ఇప్పటికీ చెబుతారు. అది తప్పు. ప్రొటీన్‌లోకి వెళ్లిన సమాచారం వెనక్కి రాదన్నదే ఆ సూత్రం చెప్పిన ఫ్రాన్సిస్ క్రిక్ అసలు మాట, అది ఇప్పటికీ నిలబడే ఉంది. కోవిడ్‌లో ఆర్‌టీ-పీసీఆర్ అని రోజూ విన్నాం కదా, ఆ ఆర్‌టీ అంటే రియల్ టైమ్ అని చదువుకున్నవాళ్లే చెప్పడం విన్నాను. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ అండీ! కరోనా రెట్రోవైరస్ కాదు, కానీ దానిదీ ఆర్‌ఎన్‌ఏయే కాబట్టి దాన్ని పట్టుకోవడానికి రెట్రోవైరస్ ఎంజైమే కావలసి వచ్చింది.

మీరు కూడా ప్రాజెక్టులో ఉన్నట్టున్నారు. ఆర్‌ఎన్‌ఏ తీసిన రోజే సగం సీడీఎన్‌ఏ చేసేయండి, రేపు చేద్దాం అనుకోకండి. ప్రతి శాంపిల్‌కీ ఎంజైము వేయని ట్యూబు ఒకటి పక్కన నడపండి. అందులో గీత వచ్చిందంటే మీరు చూస్తున్నది పిపెట్ కొసకి అంటుకుని వచ్చిన పాత డీఎన్‌ఏ. ఎంజైము హైదరాబాదు నుంచి తెప్పించుకుంటే పెట్టె వచ్చిన వెంటనే కొరియర్ అబ్బాయి ముందే తెరిచి ఐసు చూడండి, కరిగిపోయి ఉంటే ఫోటో తీసి తిప్పి పంపండి. హుద్‌హుద్ తర్వాత నాకు వచ్చిన మొదటి పెట్టెలో గోరువెచ్చని నీళ్లే ఉన్నాయి. మొహమాటపడి తీసుకున్నాను, దానితో చేసిన ఎనిమిది రియాక్షన్లలో ఒక్క గీతా రాలేదు.